మినప కట్టె మీద మూడు చక్రాలు

ఎవరి బండి ఎదురొచ్చినా షహనాజ్ చూపు ముందు టైర్ల మీదకే పోతుంది. మనిషి మొహం ఆ తర్వాత. ఊళ్లోకి పెళ్లి వ్యాను వస్తే అందరూ పెళ్లికూతురు దిగడం చూస్తారు, ఈమె వంగి వెనక చక్రం చూస్తుంది. గుండు కొట్టించినట్టు నున్నగా అరిగిన టైరు కనబడిందంటే, పాచిపోయిన కూర వాసన తగిలినట్టు మొహం అటు తిప్పేసుకుంటుంది.

"నీకదో జబ్బు" అంటాడు ఆమె భర్త అఫ్రోజ్. అతను గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలో పని చేస్తాడు. వారానికోసారి ఇంటికొస్తాడు. వచ్చినప్పుడల్లా తన బైకు వెనక చక్రం మీద గోనెపట్టా కప్పి పెడతాడు.

ఆ జబ్బు ఊరికే రాలేదు.

అద్దంకికి పడమరగా, పత్తి చేలకీ మిర్చి చేలకీ మధ్య ఉన్న ఏటిగడ్డపాలెం షహనాజ్ పుట్టిన ఊరు. పెళ్లయ్యాక కూడా అక్కడే ఉండిపోయింది. తల్లి జైతున్‌బీ పరుపులు కుట్టేది. ఇంట్లో ఎప్పుడూ దూది ఎగురుతూ ఉండేది. అన్నంలో దూది, జడలో దూది, ఫిజిక్సు పుస్తకం తెరిస్తే పేజీల మధ్య దూది. ఆ దూదిలోనే కూర్చుని చదివి అద్దంకిలో డిగ్రీ పూర్తి చేసింది. ఒక ప్రైవేటు బడిలో కొన్నాళ్లు సైన్సు చెప్పింది. కూతురు నస్రత్ పుట్టాక మానేసింది. ఆ నస్రత్ పెరిగి అద్దంకి బడిలో చేరే వయసొచ్చేసరికి, ఊళ్లో పిల్లలందరికీ ఉన్న దారే దానికీ ఉంది. దానయ్య ఆటో.

మొదటి రోజు ఆటో వచ్చి గుమ్మం ముందు ఆగింది. మిర్చి టిక్కీ బస్తాలో కాయలు కుక్కినట్టు పిల్లల్ని కుక్కి ఉన్నాడు. బ్యాగులు బయట కడ్డీకి వేలాడుతున్నాయి. ఒక పిల్లాడి కాలు మాత్రమే కనబడుతోంది, పిల్లాడు ఎక్కడున్నాడో తెలీదు. దానయ్య పక్కకి వంగి గుట్కా ఉమ్మి, "ఎక్కించు చెల్లెమ్మా, ఇంకా ఇద్దరికి చోటుంది" అన్నాడు.

షహనాజ్ బిడ్డని ఎక్కించింది. ఎక్కించి, ఎందుకో వెనక టైరు మీద అరచెయ్యి పెట్టింది. గాడి అన్నదే లేదు. వేళ్లకి సన్నగా దారప్పోగులు తగిలాయి. చచ్చిన ఎలుక తోక తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కుంది.

"దానయ్యన్నా, టైరు దారాలు తేలింది!"

"తేలితే తేలిందిలే. నున్నటి టైరే రోడ్డుని కరుచుకుని పోద్ది. కొత్త టైరు బంతిలాగా ఎగురుద్ది. ఇరవయ్యేళ్ల నుంచి తోలుతున్నా, నాకు తెలీదా?"

ఇందులో సగం నిజం ఉంది. అదే అసలు ప్రమాదం. ఎండిన తారు రోడ్డు మీద నున్నటి రబ్బరు బాగానే పట్టుకుంటుంది. గాడులు లేనప్పుడు రోడ్డుకి తగిలే రబ్బరు ఎక్కువ, అంతే. కానీ నాలుగు చినుకులు పడ్డాయా, చక్రానికీ రోడ్డుకీ మధ్య నీళ్లు చేరతాయి. ఆ నీళ్లు పక్కకి పోవడానికే టైరుకి గాడులు పెట్టేది. అవి లేకపోతే నీళ్లకి దారి లేదు. చక్రం నీళ్ల మీద తేలిపోతుంది. ఎండలో తిరిగినన్నాళ్లూ దానయ్య మాటే నెగ్గుతుంది. వాన వచ్చిన రోజు అతను ఓడిపోతే అందులో నస్రత్ కూడా ఉంటుంది.

మర్నాటి నుంచి పిల్లని ఆటో ఎక్కించే ముందు ఆ టైరు వంక చూడకుండా ఉండలేకపోయేది. మంచి టైరు ధర ఎంతో కనుక్కుని దానయ్యకి చెబుదామని ఒకసారి అద్దంకిలో ఆదాం టైర్ల షాపుకి వెళ్లింది. అక్కడ దానయ్య ఆటో చక్రం విప్పి నేల మీద పెట్టి ఉంది. ఆదాం వేడి చేసిన బ్లేడుతో అరిగిన టైరు మీద కొత్తగా గాడులు చెక్కుతున్నాడు. ఉన్న కాస్త రబ్బరులోంచే కోస్తుంటే నల్లటి పురుగుల్లాగా పీలికలు ఊడి పడుతున్నాయి. కాలిన వాసన గొంతులోకి పోయి అక్కడే కూర్చుంది. పళ్లూడిన నోట్లో బొగ్గుతో పళ్లు గీసినట్టు ఉంది ఆ టైరు.

"ఇదేంటి భాయ్, ఇట్లా చెక్కితే టైరు పగలదా?"

"పగలచ్చు" అన్నాడు ఆదాం తల ఎత్తకుండా. "ఎల్లుండి ఫిట్‌నెస్సు ఉందంట. చూసేవాళ్లకి గీతలు కనబడితే చాలంటాడు. నాకేం, గీతలు అడిగాడు, గీతలు పెడుతున్నా. వద్దంటే పక్క షాపులో పెట్టిచ్చుకుంటాడు."

ఫిట్‌నెస్సు పాసయింది. ఆ సాయంత్రం దానయ్య పిల్లలందరికీ చాక్లెట్లు పంచాడు. నస్రత్ కూడా ఒకటి తెచ్చుకుంది. షహనాజ్ దాన్ని తీసి అవతల పారేసింది. పిల్ల రెండు గంటలు ఏడ్చింది.

తర్వాత నెలలో మెళ్లో ఉన్నది అమ్మేసి షహనాజ్ ఆటో కొనుక్కుంది. ఊరు ఊరంతా నవ్వుకుంది. డిగ్రీ చదివి ఆటో తోలడమేంటన్నారు. సాయిబుల పిల్ల హ్యాండిలు పట్టుకోవడమేంటన్నారు. ఆమె సీట్లో పట్టేంత మందినే ఎక్కించుకుంది. టైర్లు మూడూ కొత్తవి వేయించింది. ఒక్కొక్క తల్లే చూసి చూసి పిల్లల్ని ఈ బండిలోకి మార్చింది. ఊళ్లో పెద్ద రైతు వెంకటనారాయణ భార్య సుబ్బరావమ్మ అందరికన్నా ముందు వచ్చి, మనవడు చైతన్యకృష్ణని ఎత్తి సీటు మీద కూర్చోబెట్టింది. "దానయ్య బండిలో కంపు కొడతందే అమ్మాయ్" అంది, అదొక్కటే కారణమన్నట్టు.

వానాకాలంలో మొదటి పాఠం అయింది. కల్వర్టు కోసుకుపోయి, కొన్నాళ్లు పొలాల మధ్య డొంకలోంచి తిరిగి పోవాల్సి వచ్చింది. అంతా నల్లరేగడి. చక్రం నాలుగు చుట్లు తిరిగేసరికి గాడుల్లో బంకమట్టి కూరుకుపోయి, టైరు బూరెలాగా అయిపోయింది. కొత్త టైరుకీ దానయ్య టైరుకీ తేడా లేకుండా పోయింది. పక్కనే ట్రాక్టరు దర్జాగా పోతోంది. దాని టైర్ల మీద పట్టీలు ఎత్తుగా, ఎడంగా ఉంటాయి. తిరిగే ఊపుకి మట్టి విదిల్చేసుకుంటూ పోతుంది. ఆటో టైరు సన్నటి గాడికి ఆ విద్య లేదు. షహనాజ్ దిగి ఇనప ఊచతో గాడులు గోకింది. మళ్లీ ఎక్కింది, మళ్లీ దిగి గోకింది. తారు రోడ్డు ఎక్కాక కూడా, ఆ మట్టి రాలిపోయేదాకా పిల్లలు విసుక్కునేంత నిదానంగా నడిపింది.

అది చూసినవాళ్లు, "షహనాజ్ బండికేం కాదు, కొత్త టైర్లు, పైగా జాగ్రత్త గల మనిషి" అనుకున్నారు. ఆ మాట పదిసార్లు విన్నాక ఆమె కూడా కాస్త నమ్మింది. మంచి టైరు ఉంటే, చూసి నడిపితే, ఎక్కడైనా దాటొచ్చనుకుంది.

ఫిబ్రవరి వచ్చింది. ఊళ్లో మినుము పీకారు.

పీకిన చెట్టుని ఎండబెట్టి గింజ రాల్చాలి. దానికి మిషన్లున్నాయి, ట్రాక్టర్లున్నాయి. ఊరి చివర సర్కారు కట్టించిన సిమెంటు కళ్లం కూడా ఉంది, కాకపోతే దాని నిండా మిర్చి ఎండబోసి ఉంటుంది. మినుముకి అద్దంకి రోడ్డే కళ్లం. తారు మీద ఒక సగానికి కాయలతో సహా ఎండిన ఆ మొక్కల్ని, కట్టె అంటారు, మోకాలెత్తున పరుస్తారు. రెండో సగం ఖాళీగా ఉంటే బండ్లు అటే పోతాయి గనక, అక్కడ తలకాయంత రాళ్లు వరసగా పేరుస్తారు. బస్సయినా, లారీ అయినా, పాల వ్యానయినా, పిల్లల ఆటో అయినా కట్టె తొక్కుకుంటూ పోవాల్సిందే. తొక్కితే కాయ పగిలి గింజ రాలుతుంది. సాయంత్రానికి పైన కట్టె ఎత్తేసి, కింద గింజ ఊడ్చుకుని, చేటలతో తూర్పారబట్టుకుని పోతారు. డీజిలు ఊళ్లో వాళ్లది, మినుములు తమవి.

ఆ ఊడ్చిన దాంట్లో ఏముంటుందో షహనాజ్‌కి తెలుసు. ఇంజనాయిలు, గేదెల పేడ, బస్సు కిటికీలోంచి ఉమ్మిన కిళ్లీ, అరిగిన టైర్ల నల్లపొడి. అదంతా ఎండి, కలిసి, గారెల్లోకి పోతుంది. ఆ నెలంతా ఆమె ఇంట్లో మినప్పప్పు నానబెట్టదు.

తినేవాళ్ల ఖర్మ వాళ్లదనుకుని ఊరుకునేది, బండిలో పిల్లలు లేకపోతే.

రోడ్డు మలుపు దగ్గర ఈసారి వెంకటనారాయణ కట్టె పరిచాడు. ఉదయం ఆటో రాగానే కొంకి కర్ర పైకెత్తి ఆపాడు.

"అమ్మాయ్ షానాజూ, మద్దెలో అందరూ తొక్కుతున్నారు. నువ్వు కాస్త అంచులమ్మట తొక్కుకుంటా పో. అంచు కాయ అట్నే ఉండిపోతంది."

"పెదనాన్నా, బండిలో పిల్లలున్నారు. మీ మనవడే ఉన్నాడు."

"ఉంటే మంచిదేగా! బరువుంటేనే గింజ రాలేది."

పక్కనున్నవాళ్లు గొల్లుమన్నారు. తాత ఏమన్నాడో అర్థం కాకపోయినా చైతన్యకృష్ణ కూడా నవ్వాడు. షహనాజ్ అంచుల జోలికి పోలేదు. మధ్యలోంచే మెల్లగా దాటింది. అయినా హ్యాండిలు చేతుల్లో అదోలాగా ఉంది. చక్రాన్ని పట్టుకోవాల్సిన వాళ్లెవరో వదిలేసినట్టు.

పిల్లల్ని బడిలో దించి వచ్చేటప్పుడు, ఖాళీ బండితో ఆమె ఒక పని చేసింది. ముందు వట్టి తారు మీద మామూలు వేగంతో వచ్చి బ్రేకు తొక్కింది. బండి చప్పున ఆగింది. అదే వేగంతో కట్టె మీదకి వచ్చి బ్రేకు తొక్కింది. చక్రాలు ఆగాయి, బండి ఆగలేదు. చాప మీద కూర్చోబెట్టి లాగినట్టు, కట్టెతో సహా జారుకుంటూ పోయి ఎప్పటికో ఆగింది.

దిగి కట్టె పైకెత్తి చూసింది. కింద మినుములు, నల్లగా, నున్నగా, సైకిలు చక్రంలో ఇనప గుళ్లలాగా దొర్లుతున్నాయి. టైరు గాడుల నిండా కట్టె తుంపులు, గింజలు. నీళ్లయితే నొక్కగానే గాడిలోంచి పక్కకి పోతాయి. గింజ పోదు. రబ్బరుకీ తారుకీ మధ్య నిలబడి దొర్లుతుంది. టైరు రోడ్డుని ముట్టుకుంటేగా పట్టు! ముట్టుకోనప్పుడు కొత్త టైరేంటి, చెక్కిన టైరేంటి? ఇన్నాళ్లూ తను దేన్ని నమ్ముకుని పిల్లల్ని ఎక్కించుకుందో, ఈ కాస్త దూరంలో అది ఉండీ లేనట్టేనని ఆమెకి అర్థమైంది.

వెంకటనారాయణ మిర్చి కళ్లం దగ్గర మంచమేసుకుని కూర్చుని ఉంటే వెళ్లి చెప్పింది.

"బండి ఆగట్లేదు పెదనాన్నా. ఇప్పుడే చూశా. రాళ్లు తీసేయండి, పోనీ బడి పూటలన్నా తీయండి. పిల్లలు ఖాళీ సగంలోంచి పోతారు."

"రాళ్లు తీస్తే నా కట్టె ఎవడు తొక్కుతాడు, నువ్వొచ్చి తొక్కుతావా?" అన్నాడు. "ఆగకపోతే బ్రేకులు బాగుచేయించుకోవాలి. అంత చదివినదానివి, అదీ నేనే చెప్పాలా?"

సాయంత్రం పిల్లల్ని ఇళ్లకి చేర్చాక మాధురి ఇంటికి వెళ్లింది. మాధురి పిల్లలిద్దరూ ఈ ఆటోలోనే వెళతారు. ఇద్దరు ముగ్గురు తల్లులు కలిసి అడిగితే ముసలాయన వింటాడనుకుంది. మాధురి అంతా విని తలూపింది.

"నిజమే అక్కా, నాకూ గుండెలు గుబగుబలాడతయ్. కానీ మా కట్టె కూడా ఎల్లుండి వేస్తున్నాం గదా. ఇప్పుడు ఆయన్ని తీయమంటే, రేపు మమ్మల్నీ తీయమంటారు."

చిన్నవాడికి చెవుల్లోకి చలిగాలి పోకుండా మఫ్లరు సర్దుతూ ఆ మాట అంది. షహనాజ్‌కి అక్కడ ఇంకొక్క నిమిషం కూర్చోబుద్ధి కాలేదు. ఇచ్చిన టీ సగం తాగి లేచింది.

మర్నాడు మంచు బాగా కురిసింది. కట్టె పైన తడి, లోపల పొడి. షహనాజ్ నడిచే మనిషి పక్కన పోగలిగేంత నిదానంగా కట్టె మీదకి ఎక్కించింది. వెనక పాల వ్యాను హారను మీద చెయ్యి తీయడం లేదు. మలుపులో ఎదురుగా పత్తి కుక్కిన పెద్ద గోనె బోరేలు ఎత్తుకున్న ట్రాక్టరు వచ్చింది. అదీ కట్టె మీదే వస్తోంది, రాళ్లున్నాయి మరి. షహనాజ్ పక్కకి తీయబోయింది. హ్యాండిలు తిప్పితే ముందు చక్రం తిరిగింది, బండి తిరగలేదు. తిరిగిన చక్రంతోనే తిన్నగా, నిదానంగా, ఏ తొందరా లేకుండా రోడ్డు అంచుకి పోయింది. ఆ నిదానమే భయంకరంగా ఉంది. "కడ్డీ పట్టుకోండి!" అని అరవడానికి కూడా ఆమెకి సమయం ఉంది. అరిచింది. బండి అంచు దిగి, మిర్చి చేను పక్క కాలవలోకి ఒరిగి, ముందు చక్రం గాల్లో తిరుగుతూ ఆగింది.

పిల్లలు ఒకరి మీద ఒకరు పడ్డారు. అందరూ ఒకేసారి ఏడుపు. ఒక్కొక్కళ్లనీ బయటికి లాగి, చేతులూ కాళ్లూ తడిమి చూసింది. చైతన్యకృష్ణకి కడ్డీ తగిలి పెదవి చిట్లింది, గడ్డం మీదుగా రక్తం కారుతోంది. నస్రత్ ఒక్కతే ఏడవలేదు. తల్లి భుజం మీద తల పెట్టి తాగిన పాలన్నీ కక్కేసింది.

వెంకటనారాయణ పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"అయ్యయ్యో, కట్టెంతా కాలవపాలు చేసిందిరా! తడిసిపోతందిరా, పట్టండ్రా!"

పంచె ఎగగట్టి కాలవలోకి దిగి, ఆటోతో పాటు జారిపడిన కట్టెని రెండు చేతులా ఎత్తి ఒడ్డుకి వేయడం మొదలుపెట్టాడు. రెండో మోపు ఎత్తాక వెనక నుంచి "తాతా" అని వినబడింది. తిరిగి చూశాడు. మనవడి మొహం నిండా రక్తం. అప్పుడు కూడా చంకలో కట్టె అట్లాగే ఉంది.

రోడ్డు మీద నుంచి సుబ్బరావమ్మ ఇదంతా చూస్తూ నిలబడింది. వచ్చి మనవణ్ణి ఎత్తుకుని వెళ్లిపోయింది.

మగవాళ్లు గుమిగూడారు. ముందు టైర్లు చూశారు. ఒకతను గాడిలో వేలు పెట్టి, "బానే ఉన్నయ్ గదరా, కొత్తయ్యే" అన్నాడు.

"అయితే తోలటం రాకే" అన్నాడు ఇంకొకడు.

"నే చెబితే ఎవడిన్నాడు? కొత్త టైరు ఎగురుద్దని ఎప్పుడో చెప్పా" అన్నాడు దానయ్య, జనంలోంచి తల పెట్టి.

ఎవ్వరూ రాళ్ల వంక చూడలేదు. ఎవ్వరూ కట్టె వంక చూడలేదు, తడిసిందా లేదా అని తప్ప. తర్వాత అందరూ కలిసి ఆటోని ఎత్తి రోడ్డు మీద పెట్టారు. ఒకాయన తన తువ్వాలుతో సీటు మీద బురద కూడా తుడిచాడు. మంచినీళ్ల సీసా ఇచ్చాడు. ఎత్తేటప్పుడు మాత్రం, "గింజ తొక్కమాకండ్రా, గింజ చూసుకోండి" అని ఒకళ్లనొకళ్లు హెచ్చరించుకున్నారు. ఆ మంచితనం కూడా షహనాజ్‌కి రోతగానే ఉంది. నీళ్లు పుక్కిలించి ఉమ్మేసింది.

సాయంత్రం తల్లులు వచ్చారు. రేపట్నుంచి దానయ్య బండిలో పంపుతాం, ఏమీ అనుకోవద్దన్నారు.

"దానయ్య టైర్లకి గాడులు బ్లేడుతో చెక్కినవి. నా కళ్లతో చూశా" అంది షహనాజ్.

"ఫిట్‌నెస్సు అయింది గదక్కా" అంది మాధురి.

అఫ్రోజ్ ఫోనులో అంతా విని, "పోనీ మానెయ్. బండి అమ్మేద్దాం. నస్రత్‌ని కూడా అందరితో పాటే పంపు" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. షహనాజ్ మంచం మీద పడుకున్న పిల్ల వంక చూసింది. ఆ పిల్ల కాలు ఒక్కటే బయటికి కనబడేలాగా ఆ ఆటోలో కూరి ఉండటం ఊహించుకుంది. "పంపను" అని ఫోను పెట్టేసింది.

తెల్లారాక ఆటో తీసింది. బండిలో నస్రత్ ఒక్కతే.

"అందరూ ఏరమ్మా?"

"వేరే బండిలో వెళుతున్నారు."

"మన బండి మంచిది కాదా?"

జవాబు చెప్పేలోపు మలుపు వచ్చింది. కట్టె మళ్లీ పరిచి ఉంది. నిన్నటి కన్నా మందంగా పరిచారు. రాళ్లు వరస తప్పకుండా ఉన్నాయి. షహనాజ్ కట్టెకి ఇవతలే ఆటో ఆపేసింది.

వెనక నుంచి దానయ్య వచ్చాడు. ఇప్పుడు అతని బండి నిండా ఊరి పిల్లలే. ఇద్దరు అతని పక్కన, ఒకడు వెనక కడ్డీ మీద. "చూసి నేర్చుకో చెల్లెమ్మా!" అని అరిచి కట్టె మీదకి ఎక్కించాడు. వెంకటనారాయణ కర్ర చూపిస్తే అంచులకి కూడా తిప్పాడు. ఇటు ఒకసారి, అటు ఒకసారి. పిల్లలు కేరింతలు కొట్టారు. మాధురి చిన్నకొడుకు మఫ్లరు బయటికి ఎగురుతోంది. షహనాజ్ హ్యాండిలు వదలకుండా చూసింది.

ఏమీ కాలేదు. ఆటో కట్టె దాటి, పొగ వదిలి, అద్దంకి వైపు వెళ్లిపోయింది.

అదే అన్నిటికన్నా రోత. ఏమీ కాకపోవడం. వంద రోజుల్లో తొంభై తొమ్మిది రోజులు ఏమీ కాదు. ఆ తొంభై తొమ్మిదీ చూపించి వందో రోజు పిల్లల్ని ఎక్కిస్తారు.

బండి దిగి, మొదటి రాయి దగ్గరికి వెళ్లి రెండు చేతులతో దొర్లించింది.

"ఏయ్!" వెంకటనారాయణ కర్ర ఆడిస్తూ వచ్చాడు. "రాయి ముట్టుకున్నావంటే మర్యాదగా ఉండదు."

"రోడ్డా, మీ దొడ్డా పెదనాన్నా ఇది?"

"మా తాత కాడ్నించీ ఇక్కడే నూరుస్తున్నాం."

"మీ తాత ఎడ్లని తిప్పాడు. కాలు జారితే ఎద్దు ఇంకో కాలు ఊనుకుని నిలబడుద్ది. చక్రానికి కాళ్లున్నయ్యా?"

"నీ బండిలో ఎవరున్నారని ఈ గోల? అందరూ దానయ్య దాంట్లో ఎక్కి పోయారు. ఒక్క పిల్లకి రోడ్డంతా కావాలా?"

"ఒక్క పిల్లకే కావాలి."

ఆయన రాయిని కాలితో మళ్లీ చోటుకి నెట్టాడు. ఆమె మళ్లీ దొర్లించింది. పాల వ్యాను వచ్చి వెనక ఆగి హారను కొట్టింది. వ్యాను డ్రైవరు తల బయటపెట్టి, ఏ పక్క మాట్లాడాలో తెలీక మళ్లీ లోపలికి పెట్టుకున్నాడు.

అప్పుడు పొలం గట్టు మీదుగా సుబ్బరావమ్మ వచ్చింది. మనవడి బ్యాగు తన భుజానికి ఉంది, మనవడి మణికట్టు తన చేతిలో ఉంది. వాడి పెదవి ఉబ్బి ఒక పక్కకి తిరిగిపోయి ఉంది.

"దానయ్య ఇప్పుడే పోయాడు గదే, ఎక్కిచ్చలేదా?" అన్నాడు వెంకటనారాయణ.

"ఎక్కిచ్చలేదు."

"ఎందుకూ?"

"నిన్న నువ్వు ముందు కట్టె ఎత్తావు" అంది సుబ్బరావమ్మ.

ఆయన నోరు తెరిచాడు. "వాడు అందులో ఉన్నాడని నేను... తడిసిపోద్దని..." అని ఆగిపోయాడు.

"ఉన్నాడని తెలీదా? రోజూ ఆ బండే గదా ఎక్కేది?"

ఆమె మనవణ్ణి తీసుకెళ్లి నస్రత్ పక్కన కూర్చోబెట్టింది. తిరిగొచ్చి, చీర కుచ్చెళ్లు ఎగదోపి, వంగి రెండో రాయి పక్కకి నెట్టింది. మూడోది బరువుగా ఉంటే షహనాజ్ సాయం పట్టింది. ముసలామె ఎగశ్వాస తీస్తూ పని చేసింది.

"ఊళ్లో నా పరువు తీస్తున్నావే" అన్నాడు వెంకటనారాయణ, ఈసారి గొంతు తగ్గించి.

"నీ మినుములు నేను కర్రతో కొట్టి రాలుస్తాలే. పో, ఇంటికి పో."

"పెద్దమ్మా, సాయంత్రానికి మళ్లీ పెట్టేస్తారు" అంది షహనాజ్.

"పెట్టనీ. బడి వదిలిందాకా నేనిక్కణ్నుంచి లేవను. ఎవడు పెడతాడో చూస్తా." రోడ్డు పక్కకి తీసిన రాళ్లలో పెద్దదాన్ని చూసుకుని దాని మీదే కూర్చుంది. కూర్చుని అరచేతులు చీరకి తుడుచుకుంది. "ఊరోళ్ల పిల్లలు ఊరోళ్లిష్టం. నేను వాడొక్కడికే వచ్చా. నువ్వు పో, ఆలస్యమైపోతంది."

అందులో గొప్పేమీ లేదని షహనాజ్‌కి తెలుసు. నిన్న చిట్లింది మాధురి కొడుకు పెదవి అయి ఉంటే ఈ ముసలామె ఇవాళ ఇక్కడ ఉండేది కాదు. ఎవరి పిల్ల కోసం వాళ్లు. తనూ అంతే కదా, అనుకుంది. ఆ ఆలోచన కూడా చేదుగానే ఉంది. మింగేసింది.

చక్రాల దగ్గర కూర్చుని, గాడుల్లో ఇరుక్కున్న కట్టె తుంపులు ఊచతో తీసేసింది. బండెక్కి స్టార్టు చేసింది. రాళ్లు తీసిన సగంలోకి తిప్పితే, హ్యాండిలు తిప్పిన వైపుకే బండి తిరిగింది. తారు చక్రాన్ని పట్టుకుంది. ఆమె వెనకే పాల వ్యాను కూడా ఆ సగంలోకే వచ్చింది, దాని వెనక ఒక బైకు. కట్టె మీదకి ఎవరూ పోలేదు. వెంకటనారాయణ కొంకి కర్ర ఆనించుకుని, ఎవరూ తొక్కని కట్టె పక్కన నిలబడి ఉన్నాడు.

వెనక సీట్లో చైతన్యకృష్ణ ఉబ్బిన పెదవిని వేలితో లాగి నస్రత్‌కి చూపిస్తున్నాడు. "ఛీ" అంటూనే నస్రత్ ముందుకి వంగి చూస్తోంది.

షహనాజ్ అద్దంలో ఇద్దర్నీ చూసింది. "కడ్డీ పట్టుకుని కూచోండి" అని గేరు మార్చింది.